నూనె పట్టిన కన్ను

పిచ్చుకకు ఆ ఆలోచన కాలేజీలో పుట్టలేదు. అక్క ఇంట్లో, భోజనాల దగ్గర పుట్టింది.

పిచ్చుక అన్నది తండ్రి పెట్టిన ముద్దుపేరు. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదని అలా పిలిచేవాడు. యూనివర్సిటీలో ఇంజినీరింగు ఆఖరి సంవత్సరానికి వచ్చినా ఆ పేరు ఆమెను వదల్లేదు. సెలవు దొరికితే చాలు, హాస్టల్ నుంచి అక్క, బావ, వాళ్ళ చిన్న పాప ఉండే ఇంటికి వచ్చేసేది. బావ ఊరి చివర ఒక వర్క్‌షాపులో ప్రెస్సు నడిపేవాడు. రేకు ముక్కను అచ్చు మీద పెట్టి బటన్లు నొక్కితే పైనుంచి ఇనుప దిమ్మ దిగుతుంది. అది లేచేసరికి రేకు డబ్బా మూతై కూర్చుంటుంది. ఆ మూత తీసి, మళ్ళీ రేకు పెట్టాలి. పొద్దస్తమానం అదే పని.

"మా పక్క ప్రెస్సు పెద్దాయన ఇక పది లెక్కపెట్టాలంటే ఎవరి చెయ్యో అరువు తెచ్చుకోవాలి," అన్నాడు బావ ఆ రోజు, కంచం ముందు కూర్చుంటూ.

"తినేటప్పుడు ఏం మాటలండీ అవి?" అని అక్క కసిరింది.

"ఉన్నమాటే. రెండు వేళ్ళు పోయాయి పాపం."

"బటన్లు రెండున్నాయి కదా బావా? రెండు చేతులతో నొక్కితే గానీ ప్రెస్సు దిగదన్నావుగా. మరి చెయ్యి లోపలికెలా వెళ్ళింది?" అడిగింది పిచ్చుక.

"ఒక బటన్‌కి చెక్కముక్క దోపేస్తారు. అప్పుడు ఒక చేత్తో నొక్కుతూ రెండో చేత్తో రేకు సర్దొచ్చు. పని చకచకా తెములుతుంది. మూతల లెక్కనే కదా మాకు కూలి!"

"నువ్వూ దోపుతావా?"

బావ తల దించుకుని తినడం మొదలుపెట్టాడు. అక్క ఆయన ముఖంలోకే చూస్తూ చేతిలో గిన్నెతో అలాగే నిలబడిపోయింది.

"చెయ్యి లోపలుంటే ప్రెస్సు దానంతటదే ఆగిపోవాలి. దానికో కన్నుండాలి," అంది పిచ్చుక కాసేపటికి.

"కన్ను పెట్టించాల్సింది ప్రెస్సుకి కాదు మరదలా, మా యజమానికి," అన్నాడు బావ. ముగ్గురూ నవ్వారు. కానీ పిచ్చుక ఆ మాటను అక్కడితో వదల్లేదు.

యూనివర్సిటీలో పాత లైబ్రరీ కింది అంతస్తును ఆ ఏడాదే నవకల్పన కేంద్రంగా మార్చారు. పుస్తకాల వాసన ఇంకా పోని గోడలకు పసుపు రంగు వేసి, 'తొందరగా తప్పు చెయ్యి, తొందరగా నేర్చుకో' అని పెద్దక్షరాలతో రాయించారు. విద్యార్థుల చేత కొత్త వస్తువులు తయారు చేయించి, కంపెనీలు పెట్టించడం ఆ కేంద్రం పని. దాని డైరెక్టరు ఒకప్పుడు సొంతంగా కంపెనీ పెట్టి చేతులు కాల్చుకున్న మనిషి. అయినా పిల్లలెవరైనా ఓ ఆలోచనతో తలుపు తడితే ఆయన ముఖం వెలిగిపోయేది. పిచ్చుక చెప్పింది విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇలాంటివి మార్కెట్లో ఉన్నాయమ్మా. కానీ చిన్న వర్క్‌షాపులు కొనలేవు. నువ్వు చవగ్గా చేసి చూపించు. మిగతాది నేను చూసుకుంటా."

పిచ్చుకకు తోడుగా ఎలక్ట్రానిక్స్ చదివే ఒక కుర్రాడిని కలిపాడు. గుమ్మం దాటినప్పుడల్లా తల వంచాల్సినంత ఎత్తు. అందరూ 'పొడుగు' అనే పిలిచేవారు. ఇద్దరూ సెమిస్టరంతా ఆ కింది అంతస్తులోనే గడిపారు. చివరికి అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన డబ్బా ఒకటి తయారైంది. దాన్ని ప్రెస్సు పక్కన బిగిస్తే, అచ్చు మీదకు కంటికి కనపడని వెలుతురు పంపుతుంది. అక్కడ చెయ్యి ఉంటే ఆ వెలుతురు చేతికి తగిలి వెనక్కి వస్తుంది. వెంటనే దిమ్మకు బ్రేకు పడుతుంది. కేంద్రంలో ఉన్న చిన్న ప్రెస్సుకు బిగించి చూశారు. గుడ్డలు కూరిన చేతి తొడుగును లోపలికి తోసిన ప్రతిసారీ బ్రేకు పడింది. పొడుగు ఎగిరి గంతేస్తే తల సీలింగు ఫ్యానుకు తగలబోయింది.

పిచ్చుకకు మాత్రం బావ చొక్కాలు గుర్తొచ్చాయి. అక్క ఎంత ఉతికినా వాటికి నూనె వాసన పోదు. ప్రెస్సు నడుస్తుంటే సన్నటి నూనె తుంపర చుట్టూ లేస్తుందని బావ ఎప్పుడో చెప్పాడు. ఆమె డబ్బా కంటికి వేలితో కాస్త నూనె రాసి, తొడుగును లోపలికి తోసింది. దిమ్మ ఆగింది. మళ్ళీ తోసింది. ఆగింది. మూడోసారి ఆగలేదు. తొడుగు అప్పడంలా అణిగిపోయింది.

"నూనె పడితే వెనక్కొచ్చే వెలుతురు తగ్గిపోతోంది. చెయ్యి ఉన్నా లేదనుకుంటోంది," అంది పొడుగుతో.

"తుడుచుకోమని చెబుదాం."

"మనుషులు మర్చిపోతారు. కన్ను మసకబారితే ఆ సంగతి దానికే తెలియాలి. తెలిసి ప్రెస్సును ఆపెయ్యాలి. అలా చేస్తే గానీ బయటికివ్వకూడదు."

అది చెయ్యాలంటే లోపలి సర్క్యూటంతా మళ్ళీ మొదటి నుంచీ కట్టుకురావాలి. యూనివర్సిటీల మధ్య పోటీ ముంచుకొస్తోంది. డైరెక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా విన్నాడు.

"అమ్మా, నువ్వన్నది నిజమే. కానీ అన్నీ పూర్తయ్యేదాకా ఆగితే ఏ వస్తువూ గది దాటదు. నా కంపెనీ మునిగింది అందుకే. బటన్లు ఎలాగూ ఉన్నాయి కదా? దానికిది అదనం. ఉన్న రక్షణ ఎక్కడికీ పోదు. ఒక్క ప్రెస్సుకు బిగించి, పనిచేస్తోందని చూపిద్దాం. మిగతాది తర్వాత సరిచేద్దాం."

ఆ మాటలో పిచ్చుకకు తప్పు కనపడలేదు. బటన్లుంటే అదనమే మరి.

బావ యజమానితో మాట్లాడి ఒప్పించాడు. డబ్బా బిగించిన రోజు పనివాళ్ళంతా బావ ప్రెస్సు చుట్టూ మూగారు. పిచ్చుక గుడ్డ తొడుగు తీసి చూపించబోయింది. బావ ఆమెను పక్కకు నెట్టి, తన కుడిచెయ్యే అచ్చు మీద పెట్టి, పక్కవాణ్ణి బటన్లు నొక్కమన్నాడు.

"బావా! వద్దు!"

వాడు నొక్కేశాడు. దిమ్మ రవ్వంత కదిలి ఆగిపోయింది. బావ చెయ్యి పైకెత్తి వేళ్ళు ఆడిస్తూ, "చూశారా? మా మరదలి కన్ను!" అన్నాడు. వర్క్‌షాపు చప్పట్లతో మారుమోగింది. పెద్దాయన కూడా తన మూడు వేళ్ళ చేతిని రెండో చేతికేసి కొట్టాడు.

పోటీకి కొద్దిరోజుల ముందు బావ ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"మరదలా, మా యజమాని నీ కన్నును నెత్తిన పెట్టుకున్నాడు. మీ డైరెక్టరును అడిగి అలాంటివే ఇంకొన్ని చేయించుకున్నాడట మీ కేంద్రంలో. ప్రెస్సులన్నిటికీ పెట్టాం. ఇక బటన్ల పెట్టెలెందుకని పీకేసి, కాలితో తొక్కే పెడల్ వేయించాడు. రెండు చేతులూ ఖాళీ! ఎన్ని మూతలు తీస్తున్నానో తెలుసా?"

"బటన్లు తీసేశారా?"

"అవును. చెయ్యి పెడితే ఎలాగూ ఆగుతుందిగా!"

"బావా, నామాట విను. ఆ కంటి మీద అద్దాన్ని గంటకోసారి తుడువు. మర్చిపోకు."

"నీ కళ్ళద్దాలకన్నా శుభ్రంగా పెడతాలే," అని నవ్వాడు.

ఆమె అప్పుడే డైరెక్టరు గదికి పరుగెత్తింది. వెంట వచ్చిన పొడుగు తలుపు బయటే ఆగిపోయాడు. ఆయన నలిగిన కాగితాల మధ్య తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పోటీలో ఏదో ఒకటి గెలవకపోతే వచ్చే ఏడాది కేంద్రాన్ని మూసేస్తామని పైవాళ్ళు ఆ రోజే చెప్పారు.

"సార్, బటన్లు తీసేశారు. అదనమన్నాం కదా. ఇప్పుడు అదొక్కటే దిక్కు. నూనె పడితే పనిచెయ్యదు. యజమానికి చెప్పి ఆపించాలి."

డైరెక్టరు ముందున్న కాగితాలను ఒక పక్కకు సర్దాడు. "ఇప్పుడు గొడవ పెట్టుకుంటే డబ్బాలన్నీ పీకి మన ముఖాన కొడతాడు. ఎక్కడా వాడని వస్తువుతో పోటీకెలా వెళ్తాం? పోటీ కానివ్వమ్మా. మర్నాడే నేనూ నువ్వూ వెళ్ళి ఆయనతో మాట్లాడదాం."

పిచ్చుక ఒప్పుకుంది. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆమెకు అర్థం కాని విషయం ఒకటే. ఆ క్షణాన తనకు ఊరట కలిగింది. డైరెక్టరంతటివాడు చూసుకుంటానన్నాడని భుజాల మీంచి బరువు దిగినట్టనిపించింది.

పోటీలో మొదటి బహుమతి వాళ్ళదే. మర్నాడు వైస్ ఛాన్సలరు సన్మానం. ఆ మర్నాడు విలేకరులు. ఆ తర్వాత డైరెక్టరు వేరే ఊళ్ళో సభకు వెళ్ళాడు. "వచ్చాక వెళ్దాం," అన్నాడు. అక్క ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. "నాన్న ఉంటే ఊరంతా చెప్పుకునేవాడే," అంది. ఎక్కడికెళ్ళినా అందరూ పిచ్చుకను ఆకాశానికెత్తారు. రోజూ పొద్దున లేవగానే ఆమె వర్క్‌షాపుకు వెళ్దామనుకునేది. సాయంత్రానికి రేపు వెళ్దామనుకునేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. పెద్దాయన చేశాడు. "ఆసుపత్రికి రామ్మా. మీ బావ. చెయ్యి."

ఆసుపత్రి వరండాలో అక్క ఒక కుర్చీలో కూర్చుని ఉంది. పిచ్చుక వెళ్ళి పక్క కుర్చీలో కూర్చోబోతే, అక్క తన సంచి తీసి ఆ కుర్చీలో పెట్టింది. పిచ్చుక నిలబడే ఉండిపోయింది. లోపల డాక్టర్లు బావ కుడిచేతిని మణికట్టు పైదాకా తీసేస్తున్నారు.

జరిగింది పెద్దాయన చెప్పాడు. ఆ రోజు పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. బావ పొద్దున ఒకసారి అద్దం తుడిచాడు. తర్వాత యజమాని వచ్చి నిలబడ్డాడు. రేకు కాస్త వంకరగా పడింది. పెడల్ మీదున్న కాలు తియ్యకుండానే బావ దాన్ని సర్దబోయాడు. ఎప్పటిలాగే ఆగుతుందనుకున్నాడు.

పెద్దాయన వెళ్ళిపోయాక అక్క నోరు విప్పింది.

"నూనె పడితే దానికి కనపడదని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆయనకి చెప్పావా?"

"తుడవమని చెప్పానక్కా."

"తుడవమన్నావు సరే. ఎందుకు తుడవాలో చెప్పావా? తుడవకపోతే చెయ్యి పోతుందని చెప్పావా?"

పిచ్చుక చెప్పలేదు. చెబితే బావ ఆ పెడల్ తొక్కేవాడు కాదు. తన చెయ్యి నలుగురి ముందూ పెట్టి చూపించిన మనిషి, ఆ నలుగురికీ వెళ్ళి చెప్పేవాడు. ప్రెస్సులన్నీ ఆగిపోయేవి. పోటీ ముందు అది జరగకూడదని తనలో ఏదో మూల అనుకుందా? అనుకుందేమో. ఆమెకే తెలియలేదు.

"వెళ్ళు," అంది అక్క. "ఆయన కళ్ళు తెరిచాక నిన్ను చూడకూడదు."

రెండు రోజుల తర్వాత యూనివర్సిటీలో విచారణ పెట్టారు. పొడవాటి బల్లకు ఒకవైపు పెద్దలు, ఇంకోవైపు డైరెక్టరు, పొడుగు, పిచ్చుక. బల్ల కొసన కూర్చున్న ప్రొఫెసరు మెత్తగా మాట్లాడాడు.

"ఇది విద్యార్థుల ప్రయోగం మాత్రమే. యజమాని మనకు చెప్పకుండా బటన్లు తీసేశాడు. మనకు తెలిసుంటే ఆపేవాళ్ళం. అంతే కదా?"

"నాకు తెలుసు సార్," అంది పిచ్చుక. "బటన్లు తీసేశారని ముందే తెలుసు. నూనె సంగతి అంతకన్నా ముందే తెలుసు. డైరెక్టరు గారికీ చెప్పాను."

అందరూ ఆయన వైపు తిరిగారు. డైరెక్టరు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నూనె గురించి ఏదో అన్నట్టుంది. బటన్ల గురించి నాకు గుర్తు లేదు," అన్నాడు.

పిచ్చుక పొడుగు వైపు చూసింది. ఆ రోజు గది బయట నిలబడి అన్నీ విన్నవాడు వాడు. వాడు బల్ల మీది గీతల్ని గోటితో గీకుతూ తల ఎత్తలేదు.

విచారణ ముగిశాక మెట్ల మీద డైరెక్టరు ఎదురుపడ్డాడు. ఏదో చెప్పబోయి పెదవి కదిపాడు. "నాకూ ఇద్దరు పిల్లలమ్మా," అని మాత్రం అనగలిగాడు. పిచ్చుకకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆసుపత్రి వరండాలో అక్క అడిగినప్పుడు తన ముఖమూ ఇలాగే ఉండి ఉంటుందనిపించింది.

వర్క్‌షాపులో మిగతా ప్రెస్సులు అప్పటికీ ఆ కళ్ళతోనే నడుస్తున్నాయి. పిచ్చుక వెళితే గేటు దగ్గరే ఆపేశారు. లోపల్నుంచి వచ్చిన పనివాళ్ళూ ఆమె మాట వినలేదు.

"మేం తుడుచుకుంటాంలే తల్లీ. బటన్లు మళ్ళీ పెడితే మా కూలి సగానికి పడిపోతుంది. నువ్విస్తావా?" అన్నాడొకడు.

ఆమె అక్కణ్ణుంచి నేరుగా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు వెళ్ళింది. తలుపు దగ్గర బెంచీ మీద పిలుపు వచ్చేదాకా కూర్చుంది. ఏదీ దాచకుండా మొదటి నుంచీ చెప్పింది. ఇన్‌స్పెక్టరు తల నెరిసిన మనిషి. విని నిట్టూర్చాడు.

"చేతులు కాలాక ఆకులు..." అని మొదలుపెట్టి, చప్పున నాలుక కరుచుకున్నాడు. "ఇదంతా నేను రాసుకుంటే ముందు నీ మీదికే వస్తుందమ్మా. ఆలోచించుకున్నావా?"

"రానివ్వండి. రేపే వెళ్ళి ఆపండి."

ఆయన వెళ్ళాడు. డబ్బాలు పీకించాడు. వర్క్‌షాపు కొన్ని వారాలు మూతపడింది. తెరిచాక మళ్ళీ బటన్లు వచ్చాయి. యజమాని జరిమానా కట్టి, ఆ కోపంతో కొందరిని పనిలోంచి తీసేశాడు. వాళ్ళలో పెద్దాయన ఒకడు. యూనివర్సిటీ పిచ్చుకకు ఆ ఏడాది పట్టా ఆపేసింది. కేంద్రం గోడ మీద పెట్టిన ఆమె ఫొటో తీసేశారు. డైరెక్టరు సెలవు మీద వెళ్ళి తిరిగి రాలేదు. ఆరోగ్యం బాగాలేదని కొందరన్నారు, వెళ్ళగొట్టారని కొందరన్నారు.

కొన్నాళ్ళకు పొడుగు వచ్చాడు. అంత ఎత్తు మనిషీ కుంచించుకుపోయి నిలబడ్డాడు.

"ఆ రోజు నోరు తెరవలేకపోయాను. భయమేసింది. నన్ను తిట్టు."

పిచ్చుక తిట్టలేదు.

"ఒక కంపెనీవాళ్ళు మన డిజైన్ అడుగుతున్నారు," అన్నాడు వాడు. "నువ్వు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు కన్ను మసకబారితే దానికే తెలుస్తుంది. ప్రెస్సు ఆగిపోతుంది. బటన్లు లేకపోతే అసలు మొదలే కాదు. నువ్వూ రా. నీ పేరు లేకుండా ఇది పెట్టలేను."

"నా పేరు వద్దు."

"అది చేతులు కాపాడుతుంది పిచ్చుకా. నిజంగా కాపాడుతుంది."

"కాపాడనీ. మంచిదే. అమ్ముకో. నేను మాత్రం రాను."

వాడు చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. వాడన్నది తప్పు కాదని ఆమెకు తెలుసు. అయినా ఆ డబ్బాను మళ్ళీ చేతిలోకి తీసుకోవడం తనవల్ల కాదని కూడా తెలుసు.

అక్క ఒక బట్టల దుకాణంలో పనికి చేరింది. చెల్లెలితో మాట్లాడడం పూర్తిగా మానెయ్యలేదు. గ్యాస్ అయిపోయిందనో, పాపకు జ్వరమనో, అవసరమైనంత మాట్లాడేది. పిచ్చుక రోజూ పొద్దున్నే వచ్చి గిన్నెలు తోమి, పాపకు జడ వేసి బడిలో దింపేది. బావ గోడవైపు తిరిగి పడుకునే ఉండేవాడు. ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. ఒకప్పుడు ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే ఏదో ఒక హాస్యం ఆడకుండా ఉండలేని మనిషి.

ఒకరోజు ఆమె వచ్చేసరికి అక్క పాపను బడిలో దింపి పనికి వెళ్ళిపోయింది. బావ మంచం మీద కూర్చుని చొక్కా వేసుకుంటున్నాడు. ఎడమచేత్తో గుండీ పెట్టుకోవాలని చూస్తున్నాడు. అది మాటిమాటికీ జారిపోతోంది. పిచ్చుక ఆగలేక ముందుకు వంగింది.

"ముట్టుకోకు," అన్నాడు బావ.

ఆమె వెనక్కి తగ్గింది. బావ గుండీని వదిలేసి, మొండిచేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎందుకొస్తావు రోజూ?"

పిచ్చుక కింద పడ్డ దుప్పటి తీసి మడత పెట్టసాగింది.

"నేనూ ఆలోచించాను. నువ్వు చెప్పలేదు నిజమే. నేను మాత్రం అడిగానా? అంత గట్టిగా తుడువు తుడువు అంటున్నదే, ఎందుకే అని అడగాలా వద్దా? అడగలేదు. మా మరదలు చేసిందని వర్క్‌షాపంతా టముకు వేశాను. చెయ్యి పెట్టి చూపించాను. నన్ను చూసే అందరూ పెట్టారు. ఇంకొకడి చెయ్యి పోయుంటే వాడి పెళ్ళాం నన్నడిగేది." ఒక్క క్షణం ఆగాడు. "పెద్దాయనకి ఇప్పుడు పనే లేదు. అదీ నావల్లే."

"నీ తప్పేం లేదు బావా."

"ఉంది. నీదీ ఉంది. నీ మీద కోపం లేదని అబద్ధమాడను. ఉంది. పొద్దున లేచి ఈ గుండీలు పెట్టుకునేటప్పుడు ఒళ్ళంతా మండిపోతుంది. సరిగ్గా అప్పుడే నువ్వు గుమ్మంలో నిలబడతావు."

బయట వీధిలో ఎవరో తలుపు తాళం వేస్తున్న చప్పుడు వినిపించింది. పిచ్చుక కళ్ళు తుడుచుకుని, సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాటబోతుండగా బావ వెనకనుంచి పిలిచాడు.

"సాయంత్రానికి కాస్త తగ్గుతుంది," అన్నాడు, ఆమె వైపు చూడకుండానే. "సాయంత్రాలు రా."